ఊరికే వాడుకునే కంపెనీ గడువు పెడితే?

ప్రశ్న: మా తాత పాలమూరు నుంచి వచ్చి ధారావిలో స్థిరపడ్డాడు. నాన్న బట్టల కార్ఖానాలో కటింగ్ మాస్టర్. నేను ఐరోలీలో ఓ ఐటీ కంపెనీలో చేస్తున్నాను. కాలేజీలో ఉండగా, బిల్లులోని అంకెల్ని తెలుగు, హిందీ, మరాఠీల్లో అక్షరాలుగా రాసిపెట్టే చిన్న లైబ్రరీ తయారుచేసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఎంఐటీ లైసెన్సుతో గిట్‌హబ్‌లో పెట్టాను. ఇప్పుడది పెద్ద కంపెనీల బిల్లింగ్‌లో నడుస్తోంది. పైసా రాలేదు, నేనూ అడగలేదు. మొన్న వాటిలో ఒక కంపెనీ మెయిలు పంపింది: భద్రత గురించిన పొడవాటి ఫారం నింపి వారంలో పంపాలట. ‘కూలియ్యని సేటుకు లెక్క చెప్పుడేందిరా’ అంటాడు నాన్న. కానీ నా కోడ్‌లో తప్పుంటే ఎవరికైనా నష్టం జరుగుతుందేమోనని నిద్ర పట్టడం లేదు. ఏం చేయను?

జవాబు: మీ నాన్నగారు సరిగ్గా చెప్పారు. మీరు పెట్టిన లైసెన్సులోనే ఆ మాట ఉంది: సాఫ్ట్‌వేర్‌ను ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏ హామీ లేదు, నష్టానికి రాసినవారు బాధ్యులు కారు. ఆ షరతు ఒప్పుకునే వాళ్లు దాన్ని వాడుకున్నారు. ఇప్పుడు మిమ్మల్ని సరుకు అమ్మిన వ్యాపారిలా నిలదీసే హక్కు వాళ్లకు లేదు.

మీకే కాదు, కర్ల్ అనే ప్రోగ్రామ్‌ను దశాబ్దాలుగా చూసుకుంటున్న స్వీడన్‌వాసి డేనియల్ స్టెన్‌బర్గ్‌కూ ఇదే ఎదురైంది. కార్లలో, టీవీల్లో, ఫోన్లలో అంతటా ఉన్న ప్రోగ్రామ్ అది. లాగ్‌ఫోర్‌జే అనే ఉచిత కోడ్‌లో భద్రతా లోపం బయటపడి ప్రపంచమంతా హడలిపోయిన కొన్ని వారాలకు, 2022 జనవరిలో, ఒక భారీ కంపెనీ 24 గంటల్లో జవాబులు కావాలని ఆయనకు రాసింది. సపోర్టు ఒప్పందం మీద సంతకాలయ్యాక సంతోషంగా చెబుతానన్నాడాయన. మీరూ అదే రాయండి. ఫీజు ఎంతో చెప్పండి. క్షమాపణ మాత్రం చెప్పకండి.

మీ భయం సంగతి. ఫలానా వరుసలో తప్పుందని ఎవరైనా చూపిస్తే, వీలు దొరికినప్పుడు సరిచేయండి, అది మీ పేరున్న పని. ఫారం వేరు. అది వాళ్ల ఆడిట్ అవసరం, దాన్ని మీ నిద్ర మీద మోపుతున్నారు. ‘ఇది ఒక్కడు తీరిక వేళల్లో చూసుకునే ప్రాజెక్టు’ అని మొదటి పేజీలోనే రాసిపెట్టండి. డబ్బు తీసుకునే ముందు మీ ఉద్యోగ ఒప్పందం చదవండి. పోటీ కంపెనీలకు పనిచేస్తున్నారంటూ విప్రో 2022లో 300 మందిని తీసేసింది. మీ సంగతి అది కాకపోయినా, రాతపూర్వక అనుమతి ఉంటే మేలు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది. అలసిపోయి ఉన్నప్పుడు ఎవరో మంచిగా మాట్లాడి ‘బరువు నేను మోస్తా’ అంటే ప్రాజెక్టు తాళాలు ఇచ్చేయకండి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రామ్‌ను చూసుకున్న లాసె కాలిన్ ఇది జీతంలేని అభిరుచి పని అని, తన మానసిక ఆరోగ్యం బాగాలేదని 2022లో చెప్పుకున్నాడు. అప్‌డేట్లు ఆలస్యమవుతున్నాయని కొందరు ఆయన్ను పీడించారు. జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేస్తూ, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆరా తీయబట్టి పట్టుబడింది. లేకపోతే లెక్కలేనన్ని సర్వర్లకు ఆ దారి తెరుచుకునేది. కాలిన్‌ను ఒంటరిగా వదిలేసింది ఆయన పని మీద వ్యాపారం చేసుకున్నవాళ్లే.

ప్రశ్న: వర్లీ బీడీడీ చాళ్‌లో పుట్టి పెరిగాను. బీకేసీలోని ఫైనాన్స్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. మేం వాడే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఎంతోకొంత ఇద్దామంటే, ‘అడగనివాళ్లకు ఎందుకివ్వాలి’ అంటాడు మేనేజరు. ఎలా ఒప్పించను?

జవాబు: దానమని చెప్పకండి, అక్కడే ఓడిపోతారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కథ చెప్పండి. బ్యాంకు సైట్ల నుంచి మెయిళ్ల దాకా రహస్యంగా ఉంచే ఆ కోడ్ మీద 2014 నాటికి పూర్తికాలం పనిచేసేది ఒక్కరు. విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. ఆ ఏప్రిల్‌లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డాకే గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్‌లాంటివి కలిసి నిధి పెట్టాయి. అడిగేదాకా ఆగితే జరిగేది ఇదే!

మీ రంగంలోనే ఉదాహరణ ఉంది. ఏటా 10 లక్షల డాలర్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఇస్తామని షేర్ బ్రోకరేజీ సంస్థ జెరోధా 2024లో ఫ్లాస్ ఫండ్ పెట్టింది. ఒక్కో ప్రాజెక్టుకు 10 వేల నుంచి లక్ష డాలర్ల దాకా. మీ మేనేజరు అంత ఇవ్వక్కర్లేదు. ఏది ఆగితే మీ వ్యాపారం ఆగుతుందో ఆ ప్రాజెక్టుల పేర్లు, ఒక్కోదాన్ని ఎంతమంది చూసుకుంటున్నారో ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. డబ్బు కుదరదంటే, నెలలో ఒక రోజు మీ ఇంజనీర్లతో వాటి లోపాలు సరిచేయించమనండి.

ప్రశ్న: కామాఠీపురాలో పెళ్లికార్డులు వేసే చిన్న ప్రెస్సు మాది. తెలుగు ఫాంట్లన్నీ ఉచితంగా దించుకున్నవే. నేనూ ఎవరి కష్టమో తింటున్నట్టేనా?

జవాబు: లేదమ్మా. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, గిడుగు వంటి ఫాంట్ల లైసెన్సు వ్యాపారానికి వాడుకోమనే చెబుతోంది, నిశ్చింతగా అచ్చువేయండి. అందరికీ ఇవ్వాలనే చేసిన పని అది. మీరు ఎవరికీ గడువు పెట్టడం లేదు, ఫారాలు పంపడం లేదు. ఎక్కడైనా వత్తు విరిగినా, గుణింతం అతుక్కున్నా ఆ కార్డు ఫొటో తీసి, ఫాంట్ పేరుతో సహా చేసినవాళ్లకు పంపండి. అచ్చులో కనబడే తప్పు వాళ్ల కంప్యూటర్లో కనబడకపోవచ్చు.