దోషసందేశ మెట్లుండవలెను?

విద్యార్థులారా, ఎఱ్ఱసిరాతో కొట్టివేయుట దిద్దుట కాదు. ఇంటూ గుర్తు మాత్రము పెట్టి నోటుపుస్తకమును తిరిగి యిచ్చు ఉపాధ్యాయుడు తప్పున్నదని తెలిపెనే గాని, అది యెచ్చటనున్నదో, ఏల కలిగెనో, ఎట్లు సవరింపవలెనో తెలుపలేదు. కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయువారును పలుమారు ఈ లోపమునే చేయుచుందురు.

మా సిద్దిపేట బడిలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు పరీక్షమార్కులను కూడుటకు జావాస్క్రిప్టులో ఒక ప్రోగ్రామును వ్రాసెను. ఈ భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ రూపొందించెను. బాలుని చెల్లెలు గణితపు గడిలో తెలుగంకెలతో ౭౫ అని వ్రాయగా, మొత్తమునకు బదులుగా తెరపై ఎన్.ఏ.ఎన్. అను మూడక్షరములు కనబడెను. ‘సంఖ్య కాదు’ అని వాని యర్థము. జావాస్క్రిప్టులోని ‘నంబర్’ అను ప్రక్రియ తెలుగంకెలను గ్రహింపదు. సంఖ్య కానిదానితో ఏ సంఖ్యను కూడినను సంఖ్య కానిదే వచ్చును. ఇంతకంటె ప్రమాదకరమైనది ఖాళీ గడి. దానిని ఆ ప్రక్రియ సున్నగా నెంచును. పరీక్షకు రాని పిల్లకు సున్న మార్కులు పడును, ఎవరికిని తెలియదు.

ఆ బాలుడు తనకు తెలివి లేదనుకొని రెండుదినములు కంప్యూటరును ముట్టలేదు. లోపము వాని తెలివిలో లేదు. ప్రోగ్రాము మాటాడకపోవుటలో నున్నది.

కావున గడిలోని మాటను ముందుగా పరీక్షించి, దోషము కనబడినచోటనే ‘త్రో’ అను ఆజ్ఞతో ‘ఎర్రర్’ అను వస్తువును పుట్టింపవలెను. అందలి సందేశము మూడు సంగతులు చెప్పవలెను: దోష మెచ్చట, దోష మేమి, చేయవలసిన దేమి. మేము వ్రాయించిన సందేశ మిది:

“దోషము: గణితము గడిలో ‘౭౫’ అని యున్నది. ఈ ప్రోగ్రాము తెలుగంకెలను చదువలేదు. 75 అని వ్రాయుము.”

ఇక రంగుల మాట. టెర్మినల్ తెరపై 27వ సంఖ్య గల ఎస్కేప్ అక్షరముతో మొదలగు సంకేతములు రంగుల నిచ్చును. అందు 31 ఎఱుపు, 33 పసుపు, 32 ఆకుపచ్చ. 0 తెర సహజపు రంగును తెచ్చును. ఈ 0 మఱచినచో తరువాతి పంక్తులును ఎఱ్ఱబడును. ఎఱుపును దోషమునకును, పసుపును హెచ్చరికకును ఉంచుట మేలు. అన్నిటికిని రంగు పూసినచో దేనికిని పూయనట్లే. సందేశమును ఫైలులో దాచునపుడు ఈ సంకేతములు చెత్తవలె మిగులును గనుక అచ్చట రంగు మానవలెను. మఱియు ఎఱుపును ఆకుపచ్చను వేఱుపఱుపలేని కన్నులు కొందఱికి గలవు. వారికొఱకు ‘దోషము’, ‘హెచ్చరిక’ అను మాటలు పంక్తి మొదట తప్పక యుండవలెను. రంగు మాటకు తోడే గాని బదులు కాదు.

కారణము తెలిసినపిమ్మట ఆ బాలుడు ఊరకుండలేదు. యూనికోడులో తెలుగు సున్న స్థానము 3174, తొమ్మిది స్థానము 3183, నడిమి యంకెలు వరుసగా నున్నవని కనుగొనెను. ప్రతి యంకె స్థానమునుండి 3174 తీసివేసి, తన ప్రోగ్రామునకు తెలుగంకెలు నేర్పెను. ఇప్పుడు చెల్లెలు వ్రాసిన ౭౫ దానికి చెల్లుచున్నది.

తప్పు చేసినవాని తలను వంచునది మంచి సందేశము కాదు. వాని చేతికి పని నందించునదే మంచి సందేశము. ప్రోగ్రాములు వ్రాయు పిల్లలును, నోటుపుస్తకములు దిద్దు మేమును దీనిని మఱువకుందుము గాక.