త్రాగునీటిలో సల్ఫేటుల పరీక్ష

మాధవరము మొదలు ఆదోని, ఎమ్మిగనూరుల వఱకు నల్లరేగడి పల్లెలలో ఉప్పుబావి నెఱుగనివా రరుదు. కాని నీటిలోని ఉప్పు లన్నియు నొక్కటి కావు. విరేచనమునకై యిచ్చు ఎప్సం ఉప్పు మెగ్నీషియం సల్ఫేటే. అట్టి లవణములు మిక్కుటమైన నీరు క్రొత్తగా త్రాగువారికిని, పసిబిడ్డలకును విరేచనములు కలిగించును. కాచినను ఇవి పోనేరవు. నీరు ఇగిరినకొలది హెచ్చును. కావున పరీక్షయే శరణ్యము.

శుభ్రమైన సీసాను ఆ బావినీటితోనే ముమ్మాఱు కడిగి నింపి, గ్రామీణ నీటిసరఫరా శాఖవారి పరీక్షాశాలకు పంపవలెను. పరీక్ష యిట్లుండును: గాజుగొట్టములోని నీటిలో ముందు కొన్ని చుక్కలు హైడ్రోక్లోరిక్ ఆమ్లమును, పిదప బేరియం క్లోరైడు ద్రావణమును వేయుదురు. ఆమ్లము వేయనిచో కార్బొనేటులును తెల్లబాఱి మోసపుచ్చును. ఆమ్లము వేసినను తెల్లబాఱినచో అవి సల్ఫేటులే. ఆ తెలుపు చిక్కదనమును యంత్రముతో కొలిచి పరిమాణము తెలుపుదురు. బేరియం క్లోరైడు విషము గనుక దీనిని ఇంటియందు చేయరాదు.

భారతీయ ప్రమాణము లీటరునకు 200 మిల్లీగ్రాములు. వేఱు నీరు దొరకనిచోట 400 వఱకు అనుమతి గలదు. అంతకు మించినచో త్రాగుటకు వేఱొక బావి చూచుకొనుటయే మేలు.

విరేచనములకు క్రిములును కారణము కావచ్చును. ఆ పరీక్షయు చేయింపుడు. ఒక్కొక్కరుగా గాక, సభ్యులందఱు గూడి ఊరి బావులన్నిటి నీటిని వేసవియందును, వానల పిదపను పరీక్షింపించుడని మా మనవి.