కంప్యూటర్ తాపం – కారణాన్వేషణ

ఎండలకు పేరుపడిన సీమ ఉత్తర తెలంగాణ. గోదావరికి కుడి ఒడ్డున కరీంనగర్, ఎడమ ఒడ్డున ఆదిలాబాద్ ఉన్నాయి. 2016లో ఈ రెండు జిల్లాలను ప్రభుత్వం పునర్విభజించి చిన్న జిల్లాలుగా ఏర్పరచింది గాని, ఎండకు ఆ సరిహద్దులు పట్టవు. మే మాసంలో రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ పట్టణాల్లో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం అరుదైన విషయం కాదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా గదిలోకి వేడిని విడుస్తూనే ఉంటుంది. ఇంట్లో ఒక మూల బల్లమీద ఉన్న కంప్యూటర్ కూడా ఆ గాలినే పీల్చుకోవాలి. మధ్యాహ్నం వేళ అది ఉన్నట్టుండి మందగించడం, పంకా రొద పెరగడం, చివరకు ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోవడం ఈ ప్రాంతపు విద్యార్థులు ఎరిగినదే. “ప్రాసెసర్ పోయింది, మార్చాలి” అన్న మాట ఆ వెంటనే వినబడుతుంది. వేల రూపాయల ఖర్చుతో కూడిన ఆ తీర్పును అంగీకరించే ముందు, వేడి ఎక్కడ పుడుతున్నదో, దారిలో ఎక్కడ చిక్కుకొంటున్నదో తెలుసుకోవడం అవసరం.

వేడిని పుట్టించడం కంటె దానిని వదిలించుకోవడం కష్టమన్న సంగతి ఈ ప్రాంతానికి కొత్త కాదు. రామగుండంలో 1983లో ఉత్పత్తి ప్రారంభించి, క్రమంగా 2600 మెగావాట్ల సామర్థ్యానికి ఎదిగిన ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రమే ఇందుకు సాక్షి. అటువంటి కేంద్రాల్లో బొగ్గును కాల్చగా వచ్చిన వేడిలో మూడవ వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. మిగిలినదానిలో పెద్ద భాగాన్ని నీటి ద్వారా బయటికి పంపివేయాలి. ఆ నీటికి గోదావరే ఆధారం. వేసవిలో నీరు వెచ్చబడితే కేంద్రం సామర్థ్యం కూడా కొంత తగ్గుతుంది. అక్కడ పుట్టిన విద్యుత్తే తీగల వెంట ప్రయాణించి ఇంటి కంప్యూటర్‌ను చేరుతుంది. ప్రాసెసర్ తాను తీసుకొన్న విద్యుత్తును దాదాపు సంపూర్ణంగా వేడిగానే మార్చి విడిచిపెడుతుంది. లెక్కలు చేయడం, బొమ్మలు చూపడం అన్నీ ఆ మార్పు జరిగే దారిలోని పనులే.

ఆ వేడి పరిమాణం పెద్దది కాకపోవచ్చు. అది పుట్టే చోటు మాత్రం మిక్కిలి చిన్నది. బట్టలు ఇస్త్రీ చేసే 1000 వాట్ల పెట్టె అడుగుభాగం సుమారు 150 చదరపు సెంటీమీటర్లనుకొంటే, ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు వచ్చేది 7 వాట్ల లోపే. 2004లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన పెంటియం 4 ప్రాసెసర్లలో, గోరంత వెడల్పు గల, ఒక చదరపు సెంటీమీటరుకు కాస్త మించిన సిలికాన్ బిళ్ళ 100 వాట్లకు పైగా వేడిని వెదజల్లేది. ఇస్త్రీపెట్టెతో పోలిస్తే అది పదిరెట్ల కంటె ఎక్కువ సాంద్రత. వేడి భారం మూలంగానే ఆ వరుసలో తరువాత రావలసిన ప్రాసెసర్‌ను ఆ సంస్థ అదే సంవత్సరం విరమించుకొన్నది. చల్లార్చే ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో 2001లో టామ్స్ హార్డ్‌వేర్ సంస్థ ఒక పరీక్షతో చూపింది. పనిచేస్తున్న ప్రాసెసర్ మీది లోహపు దిమ్మను తీసివేయగా, ఏ.ఎం.డి. అథ్లాన్ కొద్ది సెకన్లలోనే కాలిపోయింది. పెంటియం 4 మాత్రం తనంతట తాను వేగం తగ్గించుకొని బతికి బయటపడింది. నేటి ప్రాసెసర్లన్నింటిలోను ఈ ఆత్మరక్షణ ఉపాయం ఉన్నది. తమకు నిర్ణయించిన హద్దును, అనగా చాలావాటిలో 90 నుంచి 105 డిగ్రీల మధ్య ఉండే అంకెను, చేరగానే అవి మందగిస్తాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే ఆగిపోతాయి. కనుక కంప్యూటర్ ఆగిపోవడమంటే ప్రాసెసర్ చనిపోవడం కాదు. అనేక సందర్భాల్లో అది తన ప్రాణాన్ని కాపాడుకోవడమే.

ప్రాసెసర్‌లో పుట్టిన వేడి బయటి గాలిని చేరడానికి కొన్ని మజిలీలు దాటాలి. సిలికాన్ బిళ్ళ నుంచి దానిపై కప్పిన లోహపు మూతకు, అక్కడి నుంచి థర్మల్ పేస్ట్ అనే పలుచని లేపనం ద్వారా హీట్ సింక్ అనే రెక్కల దిమ్మకు, ఆ రెక్కల సందుల్లో పంకా తోసే గాలికి, క్యాబినెట్ లోపలి గాలికి, చివరకు గదిలోకి అది చేరుతుంది. ఈ దారిలో ఏ ఒక్క మజిలీ వద్ద అడ్డు కలిగినా వెనుకనున్న భాగాలన్నీ వేడెక్కుతాయి. పంకాతో చల్లబడే ప్రాసెసర్ ఎన్నటికీ గది కంటె చల్లగా ఉండజాలదు. గది ఉష్ణోగ్రతకు పైన కొంత భేదం ఉండి తీరుతుంది. పని ఒక్కటే అయినప్పుడు ఆ భేదం దాదాపు స్థిరంగా ఉంటుంది. అందువల్ల తెరమీద కనిపించే అంకె ఒక్కటే రోగలక్షణం కాదు. దానిలో నుంచి గది ఉష్ణోగ్రతను తీసివేయగా మిగిలినదే పరిశీలించదగినది. చల్లని దేశాల్లో రాసిన పుస్తకాలు 70 డిగ్రీలు ఎక్కువని చెప్పవచ్చు. 22 డిగ్రీల గదిలో 70 అంటే భేదం 48. అదే 44 డిగ్రీల మంచిర్యాల గదిలో 70 అంటే భేదం 26 మాత్రమే. మొదటిదానిలో దోషం వెదకాలి. రెండవది ఆరోగ్యంగా ఉన్న యంత్రం.

గోదావరిఖనిలో ఒక బొగ్గుగని కార్మికుని ఇల్లు ఉన్నదనుకొందాం. కుమారుడు ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరం చదువుతున్నాడు. తెలంగాణలో ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షను 2018 నుంచి కంప్యూటర్ మీదనే నిర్వహిస్తున్నారు. అందుకోసం అతడు ఇంట్లోని పాత కంప్యూటర్‌పై మూడు గంటల మాదిరి పరీక్షలు రాస్తుంటాడు. గంట గడవకముందే యంత్రం ఆగిపోతుంది. రాసిన సమాధానాలు పోతాయి. “బాపూ, ప్రాసెసర్ ఖరాబైందట, కొత్తది కొనాలంటున్నరు” అని కొడుకు చెబితే, తండ్రి వెంటనే డబ్బు తీయకుండా “గాలి యాడికెల్లి వస్తున్నదో, యాడికి పోతున్నదో ముందుగాల చూడు బిడ్డా” అంటాడు. గని లోపల గాలి ఒక దారిన లోనికి వచ్చి, పనిచోటులన్నీ చుట్టి, వేరొక దారిన బయటికి పోతుంది. ఆ రెండు గాలులు కలిసిపోయినా, దారి పూడుకొనిపోయినా పైన ఎంత పెద్ద పంకా తిరిగినా లోపలివారికి ఊపిరాడదు. క్యాబినెట్ విషయంలోనూ ఇదే సూత్రం. ముందు నుంచి చల్లగాలి రావాలి, వెనుక నుంచి వేడిగాలి పోవాలి. కంప్యూటర్‌ను గోడకు ఆనించి పెట్టినా, చెక్క అరలో బిగించినా, దుమ్ము పడకుండునని పనిచేసే సమయంలోనే గుడ్డ కప్పినా పోయిన వేడిగాలే మరల లోనికి వస్తుంది. వెనుక పంకాను మరమ్మతులో తలక్రిందులుగా బిగించిన సందర్భాలు కూడా లేకపోలేదు. వెనుక చేయి పెట్టి చూస్తే గాలి బయటికి వస్తున్నదో లేదో తెలిసిపోతుంది.

కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు డిలీట్ మీటను నొక్కితే చాలా యంత్రాల్లో బయాస్ తెర కనిపిస్తుంది. అందులో ప్రాసెసర్ ఉష్ణోగ్రత, పంకా నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతున్నదీ ఉంటాయి. పని జరుగుతున్నప్పుడు ఎంత ఉన్నదో తెలుసుకోవాలంటే విండోస్, లినక్స్ రెండింటికీ ఉచితంగా లభించే ప్రోగ్రాములు ఉన్నాయి. గదిలోని వేడిని తెలుసుకొనడానికి గోడకు తగిలించే చిన్న థర్మామీటరును క్యాబినెట్‌కు గాలి వచ్చే వైపు ఉంచితే చాలు. పైన చెప్పిన ఇంట్లో గది 41 డిగ్రీలు, ఒక వీడియో నడుస్తుండగా ప్రాసెసర్ 88 డిగ్రీలు ఉన్నదనుకొందాం. భేదం 47. అంత తేలికపాటి పనికి 20, 25 ఉండవలసినది 47 ఉన్నది కనుక అడ్డు ఉన్నది నిజం. అది ఏ మజిలీ వద్ద ఉన్నదో తేల్చడానికి ఒక సులభమైన పరీక్ష చాలును. క్యాబినెట్ పక్క రేకును తీసి, అదే వీడియోను అరగంట నడపాలి. అంకె ఒక్కసారిగా 10 డిగ్రీలు పడిపోతే దోషం క్యాబినెట్ గాలిలో ఉన్నది. 88 కాస్తా 86 దగ్గరే నిలిస్తే, గాలి సంగతి అటుంచి దిమ్మ దగ్గరే చూడాలి.

వేడెక్కే వేగాన్ని కూడా గమనించాలి. చల్లగా ఉన్న యంత్రాన్ని మొదలుపెట్టిన నిమిషంలోపే అంకె 90కి ఎగబాకితే దిమ్మ ప్రాసెసర్‌కు సరిగా ఆనలేదని అర్థం. నాలుగు మూలల బిగింపుల్లో ఒకటి ఊడినా అట్లాగే జరుగుతుంది. అరగంటలో నెమ్మదిగా పెరిగితే దుమ్మును అనుమానించవచ్చు. వేడితో గాని, పనితో గాని సంబంధం లేకుండా యంత్రం ఆగిపోతుంటే విద్యుత్తును సరఫరా చేసే ఎస్.ఎం.పి.ఎస్.ను, యు.పి.ఎస్.ను చూడాలి. అక్కడ ప్రాసెసర్‌ను నిందించి లాభం లేదు. ఏ పనీ చేయకపోయినా ప్రాసెసర్ నూరు శాతం శ్రమిస్తున్నట్లు టాస్క్ మేనేజర్ చూపితే, లోపల ఏదో వైరసో, అనవసరపు ప్రోగ్రామో నడుస్తున్నది. అప్పుడు ఎంత శుభ్రం చేసినా వేడి తగ్గదు. వోల్టేజి తగ్గినప్పుడు ఇంటి పంకా నెమ్మదించినట్లే ప్రాసెసర్ పంకా కూడా నెమ్మదిస్తుందని కొందరి నమ్మకం. అది సరికాదు. ఎస్.ఎం.పి.ఎస్. దానికి 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును స్థిరంగా అందిస్తుంది. అది నెమ్మదించిందంటే ఇరుసులోని నూనె ఎండిపోవడమో, దుమ్ము పట్టడమో కారణం.

దుమ్ము ఈ ప్రాంతంలో ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క రకం. గని పట్టణాల్లో బొగ్గు నుసి ఉంటుంది. కరీంనగర్ పరిసరాల్లో గ్రానైట్ క్వారీల రాతిపొడి. ఆదిలాబాద్‌లో పత్తి నలుసులు. వీటిలో మెత్తగా కనిపించే పత్తి నలుసే గట్టి శత్రువు. పొడి దుమ్ము రెక్కల మీద పేరుకొంటుంది గాని, నలుసు రెక్కల పైభాగాన అడ్డంగా అల్లుకొని నేసిన గుడ్డవలె తయారవుతుంది. పైన పంకా ఉండటంచేత అది బయటికి కనబడదు. పంకాను విప్పి చూస్తే గాని తెలియదు. శుభ్రపరిచే ముందు విద్యుత్ తీగను గోడ నుంచి పూర్తిగా తీసివేసి, క్యాబినెట్ లోహాన్ని చేతితో తాకి ఒంటి మీది స్థిరవిద్యుత్తును వదిలించుకోవాలి. పొడిగాలి వీచే వేసవిలో ఇది మరింత అవసరం. మెత్తని కుంచెతోనో, బ్లోయర్‌తోనో ఆరుబయట దుమ్ము దులపాలి. గాలి కొట్టేటప్పుడు పంకా రెక్కలను వేలితో పట్టి ఉంచాలి. లేకపోతే అది మితిమీరిన వేగంతో తిరిగి ఇరుసు చెడిపోతుంది.

దుమ్ము తీసినా భేదం తగినంత తగ్గకపోతే లేపనాన్ని మార్చాలి. కంటికి నునుపుగా కనబడే రెండు లోహపు తలాల మధ్య కూడా సూక్ష్మమైన ఎగుడుదిగుళ్ళు ఉంటాయి. ఆ సందుల్లో నిలిచే గాలి వేడిని సాగనివ్వదు. గాలిని తొలగించి ఆ చోటును నింపడమే లేపనం పని. లోహంతో పోల్చితే అది కూడా మంద వాహకమే. కనుక మందంగా పూస్తే మేలుకు బదులు కీడే. ప్రబంధ నాయికల విరహతాపానికి చెలికత్తెలు చందనం పూసి, తామరాకులతో విసరి శిశిరోపచారాలు చేస్తారు. వాటితో తాపం తగ్గకపోగా పెరిగినట్లు వర్ణించడం కవుల పరిపాటి. కంప్యూటర్‌కు లేపనాన్ని ధారాళంగా పూసేవారి అనుభవం కూడా అంతే. పాత లేపనాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త లేపనాన్ని నడుమ ఉంచి, దిమ్మను తిన్నగా అదిమి బిగిస్తే అదే పరచుకొంటుంది. ఒకసారి దిమ్మను ఎత్తిన తరువాత పాత లేపనంతోనే తిరిగి పెట్టరాదు. కొన్ని పాత ఏ.ఎం.డి. యంత్రాల్లో ఎండిన లేపనం జిగురువలె పట్టి, ప్రాసెసర్ కూడా దిమ్మతోపాటు ఊడివచ్చి సూదులు వంగుతాయి. కాసేపు యంత్రాన్ని నడిపి వెచ్చబరచి, తీగ తీసివేసిన పిమ్మట దిమ్మను అటూ ఇటూ మెల్లగా తిప్పి ఎత్తడం మంచిది.

గదిని చల్లబరచడం మరొక మార్గం. పొడి ఎండలో ఎయిర్ కూలర్ గది వేడిని బాగా తగ్గిస్తుంది. గది ఎంత తగ్గితే ప్రాసెసర్ కూడా దాదాపు అంత తగ్గుతుంది. కాని కూలర్ ఎదుటనే కంప్యూటర్‌ను ఉంచితే నీటి తుంపరలు దుమ్ముతో కలిసి రెక్కల సందుల్లో బురదగా గట్టిపడతాయి. వానలు పడి గాలిలో తేమ పెరిగిన తరువాత కూలర్ ఉపయోగం కూడా అంతంతమాత్రమే.

గోదావరిఖని ఇంట్లో పంకా విప్పి రెక్కలు దులపగా భేదం 47 నుంచి 30కి, లేపనం మార్చగా 23కు దిగిందనుకొంటే, 41 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 64 దగ్గర నిలుస్తుంది. మూడు గంటల పరీక్షకు అడ్డుండదు. కొత్త ప్రాసెసర్‌కు పోవలసిన డబ్బులో కొద్దిపాటి లేపనం గొట్టానికి మాత్రమే ఖర్చవుతుంది. ఇదే యంత్రం జనవరిలో ఎట్లా ఉండెనో కూడా గమనింపదగినది. అప్పుడు గది 20 డిగ్రీలు. భేదం అదే 47. తెరమీద కనిపించిన అంకె 67. యంత్రం ఆగలేదు, రొద చేయలేదు, ఎవరూ పట్టించుకోలేదు. దోషం మాత్రం అప్పటికే ఉన్నది. పత్తి మార్కెట్‌కు చేరే కాలం శీతకాలమే కనుక ఆదిలాబాద్ వైపు నలుసు పేరుకొనేది కూడా అప్పుడే. అది కంప్యూటర్‌ను ఆపేది ఏప్రిల్, మే నెలల్లో. అందుచేత ఆ ప్రాంతంలో ఉష్ణోగ్రతా భేదాన్ని కొలిచి చూడవలసిన కాలం ఎండలు ముదిరిన తరువాత కాదు, సంక్రాంతి సెలవుల్లో.