అరచేతి చెమట భయం కాదు

జగర్గుండాకు కొన్ని వారాల డెప్యుటేషన్ పడిందని చెప్పగానే మా మేనత్త నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడే చెమటలు పట్టేస్తున్నాయి, భయపడుతున్నావు కదే" అంది. ఆవిడ భయంలో అర్థం ఉంది. ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాలోని ఆ ఊళ్లో గ్రామీణ బ్యాంకును 2001లో మావోయిస్టులు దోచుకున్నాక, మళ్లీ బ్యాంకు తలుపు తెరుచుకున్నది 2025 మేలో, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖతో. కానీ నా చేతులకు పన్నెండో ఏటి నుంచీ చెమటే. పరీక్షల్లో పేపరు కింద జేబురుమాలు పరుచుకునేదాన్ని. క్యాష్ కౌంటర్లో నోట్లు లెక్కపెట్టడానికి నాకు తడి స్పాంజీ అవసరం రాలేదు!

జగర్గుండాలో వేలిముద్రల యంత్రం దగ్గర తమాషా జరిగేది. పొలం పనులతో గీతలు అరిగిన వేళ్లను అది గుర్తుపట్టేది కాదు, తడిసిన నా వేలినీ గుర్తుపట్టేది కాదు.

దీన్ని వైద్యులు హైపర్‌హైడ్రోసిస్ అంటారు. మన చర్మంలో 20 నుంచి 40 లక్షల స్వేద గ్రంథులు ఉంటాయి. ఒంటిని చల్లబరచమని నరాలు వాటికి కబురు పంపుతాయి. ఈ సమస్య ఉన్నవారిలో గ్రంథులు మామూలుగానే ఉంటాయి, కబుర్లే అవసరానికి మించి వస్తాయి. కంగారు పడితే చెమట పెరిగే మాట నిజమే, అంతమాత్రాన అది పిరికితనం కాదు. అమెరికాలో చేసిన సర్వేల్లో నూటికి సుమారు ముగ్గురి నుంచి ఐదుగురికి ఇది ఉన్నట్టు తేలింది. చాలామంది డాక్టరుకు చెప్పనే చెప్పరు.

గుర్తుపట్టడం కష్టం కాదు. చిన్నతనంలోనో యవ్వనంలోనో మొదలవుతుంది. రెండు అరచేతులకూ, రెండు పాదాలకూ, లేదా రెండు చంకలకూ సమానంగా పడుతుంది. నిద్రలో ఆగిపోతుంది. ఇంట్లో ఇంకెవరికో కూడా ఉంటుంది. మా నాన్నగారికి ఉంది.

పెద్దయ్యాక కొత్తగా ఒళ్లంతా చెమట పట్టినా, రాత్రిళ్లు పక్క తడిసినా అది వేరే సంగతి. థైరాయిడ్, క్షయ, షుగరు పడిపోవడం, కొన్ని మందులు కారణం కావచ్చు. బస్తర్‌లో అయితే ముందు మలేరియా గుర్తుకు రావాలి: చలి, జ్వరం, ఆ తర్వాత చెమట. అక్కడ ఉన్నా, వెళ్లొచ్చినా జ్వరం వస్తే రక్త పరీక్ష ఆలస్యం చేయకండి. ఛాతీ నొప్పితో చల్లని చెమట పడితే ఏ ఊళ్లో ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వైద్యం చర్మవైద్యుల దగ్గర ఉంది. ముందుగా అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం రాస్తారు. రాత్రి పూర్తిగా ఆరిన చర్మానికి రాసి పొద్దున కడిగేయాలి. తడి మీద రాస్తే మండుతుంది. దానికి లొంగకపోతే నీళ్లలో చేతులు పెట్టి స్వల్ప విద్యుత్తు పంపే అయాన్టోఫోరెసిస్ ఉంది. నాకు ఊరట ఇచ్చింది అదే. బోటాక్స్ ఇంజెక్షన్లు కొన్ని నెలలు పనిచేస్తాయి కానీ ఖర్చు ఎక్కువ. నరాన్ని కత్తిరించే ఆపరేషన్ విషయంలో తొందరపడకూడదని నా అభిప్రాయం. చేతులు ఆరినా చాలామందికి వీపుకూ పొట్టకూ చెమట మొదలవుతుంది.

గ్లైకోపైరోలేట్ వంటి మాత్రలు ఒంటి చెమటనంతా తగ్గిస్తాయి. నోరు ఎండుతుంది. మే నెల ఎండలో ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోయి వడదెబ్బ తగలవచ్చు. జగర్గుండా లాంటి చోట ఫీల్డు పని చేసేవారు ఆ సంగతి డాక్టరుతో ముందే చెప్పి, ఆ తర్వాతే మాత్ర వేసుకోవాలి.