దిక్కు తోచనప్పుడు: విత్తనం చెప్పే పాఠం



"డిగ్రీ అయ్యాక ఏం చేస్తావు?" అనే ప్రశ్న మనలో ఎవరికి కొత్త? సెలవులకు ఇంటికి పోతే రచ్చకట్ట మీద పెద్దలు అడుగుతారు. పెళ్ళిలో పక్క విస్తరి ముందు కూర్చున్న బంధువు అడుగుతాడు. బస్సులో ముక్కూ మొహం తెలియనివారు కూడా టికెట్టు తీసుకున్న మరుక్షణం అడుగుతారు. అడిగిన ప్రతివారికీ మనం ఏదో ఒక జవాబు చెబుతాం. ఒకరికి పీజీ అంటాం, ఇంకొకరికి బి.ఎడ్. అంటాం, మరొకరికి గ్రూప్స్ అంటాం. చెప్పే మాట మీద మనకే నమ్మకం ఉండదు. రాత్రి హాస్టల్ గదిలో దీపం ఆర్పాక ఆ ప్రశ్న మళ్ళీ మన దగ్గరికే వస్తుంది. ఈసారి అడిగేవాడు మనలోనే ఉంటాడు కనుక తప్పించుకోవడానికి వీలుండదు.

మెడికల్ సీటు రాక బి.ఎస్సీ.లో చేరినవారు మనలో ఉన్నారు. సీటు వచ్చినా ఫీజు కట్టలేక ఆగినవారు ఉన్నారు. ఎందుకు చేరామో తెలియకుండా చేరినవారూ ఉన్నారు. ఇంటి దగ్గర చూస్తే సేద్యం గిట్టుబాటు కాదు, ఇక్కడ చూస్తే చదువు ఎక్కడికి తీసుకుపోతుందో తెలియదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్లు ఉంటుంది. ఇది సోమరితనం కాదు, దిక్కు తోచకపోవడం. ఈ రెంటికీ తేడా ఉంది. సోమరికి నడవాలని ఉండదు. దిక్కు తోచనివాడికి నడవాలనే ఉంటుంది గాని ఎటు నడవాలో తెలియదు.

సభల్లో వక్తలు "ముందు లక్ష్యం పెట్టుకోండి, తర్వాత నడవండి" అని చెబుతారు. మంచి మాటే. కాని లక్ష్యం కంటికి కనిపించని వాడు ఏం చేయాలి? కనిపించేదాకా కూర్చోవాలా? ఈ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు వృక్షశాస్త్రం తరగతిలోనూ, మా చేలోనూ దొరికింది. దాన్ని మీతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చీకట్లో వేరు

మాది వేరుశనగ పండించే మెట్ట ఊరు. తొలకరి పడి భూమి పదునెక్కగానే విత్తనం వేస్తాం. గొర్రు వెనక సాళ్ళలో పడే ప్రతి గింజా ఒకే తీరుగా పడదు. ఒకటి నిటారుగా, ఒకటి అడ్డంగా, ఒకటి తలకిందులుగా పడుతుంది. పడ్డ ప్రతి గింజనూ సరిచేసే ఓపిక ఏ రైతుకూ లేదు, అవసరమూ లేదు. ఎలా పడినా వేరు కిందికే పోతుంది, మొలక పైకే వస్తుంది. మట్టిలో వెలుతురు లేదు, దారి చూపేవాడు లేడు. మరి వేరుకు కింద ఏదో, పైన ఏదో ఎలా తెలిసింది?

ఇంగ్లండులో థామస్ ఆండ్రూ నైట్ అనే ఆయనకు ఇదే సందేహం వచ్చింది. 1806లో ఆయన తన ప్రయోగాన్ని ప్రకటించాడు. నీటి ఒరవడితో వేగంగా తిరిగే చక్రానికి మొలకెత్తుతున్న గింజలను కట్టాడు. వేళ్ళన్నీ చక్రం బయటి వైపుకూ, మొలకలన్నీ ఇరుసు వైపుకూ పెరిగాయి. చక్రం తిరుగుడు వల్ల బయటికి లాగే బలమే ఆ గింజలకు "కింద" అయింది. అంటే వేరు వెదికేది చోటును కాదు, లాగే బలాన్ని అని తేలింది. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి మొక్కల కదలికల మీద ఒక గ్రంథం రాశారు. వేరు కొనను తీసేస్తే వేరు పెరుగుతుంది గాని కిందికి వంగే తెలివి పోతుందని అందులో చూపారు.

ఆ కొనలో ఏముంది? వేరు తొడుగు మధ్యనున్న కొన్ని కణాల్లో పిండిపదార్థంతో నిండిన రేణువులు ఉంటాయి. చుట్టూ ఉన్న ద్రవం కంటే బరువైనవి కనుక అవి కణం అడుగుకు దిగి కూర్చుంటాయి. వేరు పక్కకు తిరిగితే రేణువులు కూడా కొత్త అడుగు వైపుకు జారతాయి. దాన్నిబట్టి ఆక్సిన్ అనే హార్మోను వేరు కింది వైపున ఎక్కువగా చేరుతుంది. వేరులో ఆక్సిన్ ఎక్కువైన వైపు పెరుగుదల తగ్గుతుంది. పై వైపు ఎక్కువ సాగుతుంది, కింది వైపు తక్కువ సాగుతుంది. అందువల్ల వేరు కిందికి వంగుతుంది. పరీక్షలో దీనికి బొమ్మ వేసి మార్కులు తెచ్చుకుంటాం. కాని ఇందులో ఉన్న విశేషం ఆలోచించారా? వేరుకు దిక్కు చూపేది వెలుగు కాదు, తన లోపలున్న బరువు!

సోదరుల మరణం

మొక్కకు మనసు లేదు. ఉపమానం ఋజువు కాదని సైన్సు విద్యార్థిగా నాకు తెలుసు. కనుక ఒక మనిషి జీవితం చూద్దాం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. మనసు సన్యాసం వైపు పోయింది, తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. ఇంతవరకే చూస్తే మనలో ఒకడే. ఏ ఊరి పెద్దలైనా "వీడికి నిలకడ లేదు" అనే ఉంటారు.

అయితే ఆయన లోపల ఒక బరువు ఉంది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది కాలం తేడాలో చనిపోయారు. తానూ ఆ జబ్బు బారినపడి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. ఆ బరువు ఆయన్ను ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకుడిగానూ, 1920ల మొదట్లో అమెరికా పోయి హార్వర్డులో విద్యార్థిగానూ నడిపించింది. ఖర్చులకు ఆసుపత్రిలో చిన్న పనిచేశాడు. అక్కడ ఆయనకు దొరికిన పరిశోధన స్ప్రూకు మందు కాదు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి! 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించిన ఆ పద్ధతి వారిద్దరి పేర్లతోనే బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో నిలిచింది. భాస్వరం కొలుస్తూ పోతే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1929లో ఏ.టి.పి. బయటపడింది. హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం మాత్రం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థకు మారాడు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది పనిచేస్తుందని కూడా ఆ దశాబ్దంలోనే తేలింది. బోదకాలుకు నేటికీ మన పల్లెల్లో ఇంటింటికీ పంచే డి.ఇ.సి. మాత్ర వెనుక కూడా ఆయన బృందం కృషి ఉంది. 1948లో, 53 ఏళ్ళకే, ఆయన కన్నుమూశాడు.

ఒక్క విషయం గమనించండి. సోదరులు పోయిన నాటికి ఫోలిక్ ఆమ్లం అన్న పేరే లోకంలో లేదు. లేని దాన్ని లక్ష్యంగా ఎవరైనా ఎలా పెట్టుకుంటారు? ఆయనకు గమ్యం తెలియదు, బరువు తెలుసు. ఎటు లాగుతోందో తెలుసు. ఆ రోజుకు చేతికందిన పనిని శ్రద్ధగా చేశాడు. అందరం సుబ్బారావులం కాలేం, కానక్కరలేదు. కాని మొదటి అడుగు వేసే తీరు మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు.

మనకూ బరువులు ఉన్నాయి. అప్పు తీరని తండ్రి, కూలి పనికి పోయే తల్లి, చదువు మానిన చెల్లి. వీటిని మనం అడ్డంకులనుకుని కుంగిపోతాం. ఇవి మనల్ని కిందికి లాగే మాట నిజమే. కాని వేరు కిందికి పోకుండా ఏ చెట్టూ పైకి లేవలేదు. నిన్ను నిద్రపోనివ్వని బాధ ఏదో, అందులో నీ దిక్కు ఉండే అవకాశం ఉంది.

పిల్లిమొగ్గ తప్పు కాదు

బరువు తెలిసినా దారి వంకరగా ఉంటే ఏం చేయాలి? దీనికి మన పేగుల్లోనే ఒక గురువు ఉన్నాడు. ఇ. కోలై అనే బాక్టీరియా మిల్లీమీటరులో సుమారు 500వ వంతు పొడవుంటుంది. దానికి కన్ను లేదు. ఆహారం ఎటు ఎక్కువగా ఉందో దూరం నుంచి చూడలేదు. ఒక సెకను పాటు నేరుగా ఈదుతుంది, క్షణకాలం ఆగి పిల్లిమొగ్గ వేస్తుంది, ఎటో ఒకవైపు తిరిగి మళ్ళీ ఈదుతుంది. 1972లో బెర్గ్, బ్రౌన్ అనే శాస్త్రజ్ఞులు దాని నడకను మూడు కొలతల్లో వెంబడించి చూశారు. ఆ యేడే మాక్‌నాబ్, కోష్లాండ్ దీనికి దగ్గరి మరో బాక్టీరియాలో ఇంకో సంగతి చూపారు. అది ఇప్పటి స్థితిని కొద్ది క్షణాల కిందటి స్థితితో పోల్చుకుంటుంది. మెరుగైతే పిల్లిమొగ్గలు తగ్గించి అదే దారిన మరికాస్త పోతుంది. మెరుగు లేకుంటే త్వరగా ఆగి దిక్కు మార్చుకుంటుంది. ఇంతే దాని విద్య. ఈ చిన్న విద్యతోనే అది ఆహారం ఉన్న చోటికి చేరుతుంది.

మనం చేసేది దీనికి తిరుగుడు. మన స్థితిని నిన్నటి మన స్థితితో గాక, ఇంజనీరింగ్ చదివిన మేనమామ కొడుకు స్థితితో పోలుస్తాం. పక్కవాడి నడకతో పోల్చుకుంటే మన దారి మెరుగో కాదో ఏనాటికీ తెలియదు. ఇంకొకటి, దిక్కు మార్చుకోవడాన్ని ఓటమి అనుకుంటాం. ఒక కోర్సు వదిలితే, ఒక పరీక్ష తప్పితే లోకం మునిగిందనుకుంటాం. కాని మలుపు లేని నడకతో గమ్యం చేరడం, కన్ను లేని జీవికి సాధ్యం కాదు. రేపును చూడగలిగే కన్ను మనకు మాత్రం ఉందా?

నేల గట్టిపడితే

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. అంతా విద్యార్థి సంకల్పం మీదే ఉందనడం సరికాదు. వేరుశనగలో పూత అయ్యాక పువ్వు అడుగు నుంచి ఊడ సాగి నేలలోకి దిగుతుంది. కాయ ఊరేది మట్టి లోపలే. నేల పెచ్చుకట్టి గట్టిపడితే ఊడ దిగలేదు. అప్పుడు మా నాయన ఊడను తిట్టడు, నేలను గుల్లచేస్తాడు, జిప్సం వేస్తాడు. మన అధ్యాపకులకూ, పూర్వ విద్యార్థులకూ నా మనవి ఇదే. దిక్కు తోచని పిల్లవాణ్ణి చూసి "ఈ తరానికి పట్టుదల లేదు" అనకండి. ఒక ఉద్యోగ ప్రకటన చూపండి, ఒక దరఖాస్తు నింపడం నేర్పండి, ప్రయోగశాలలో ఒక గంట ఎక్కువ ఉండనివ్వండి. మీకది చిన్న సాయం, వాడికది గుల్లబారిన నేల.

ఇంకొక సంగతి. వేరుశనగలో కొన్ని రకాల గింజలు పక్వమైనా వెంటనే మొలకెత్తవు, కొంతకాలం నిద్రావస్థలో ఉంటాయి. ఆ నిద్ర లేని రకాలు కోత వేళ వానపడితే చేలోనే మొలకెత్తి రైతుకు నష్టం తెస్తాయి. కనుక మొలకెత్తని ప్రతి గింజా చచ్చిన గింజ కాదు. తోటివారు స్థిరపడిపోయారని కంగారుపడి ఏదో ఒకదాంట్లో దూకనక్కరలేదు.

చేయదగిన పని

చివరకు మూడు మాటలు. మొదటిది, నీ బరువు ఏదో ఒక కాగితం మీద రాసుకో. "గొప్పవాణ్ణి కావాలి" అని కాదు. "మా ఊరి బోరుబావులు ఎందుకు ఎండుతున్నాయి?" "మా అమ్మకు రక్తహీనత ఎందుకు తగ్గదు?" అన్నంత స్పష్టంగా రాయి. రెండోది, ఆ వైపుకు ఈ వారంలో ముగిసే ఒక చిన్న పని చెయ్యి. ఒక పుస్తకం తెరువు, ఒక మనిషిని కలుసుకో, ఒక నీటి నమూనా పరీక్షించు. మూడోది, నెల చివర నిన్ను నీతోనే పోల్చుకో. మెరుగుంటే సాగు, లేకుంటే మలుపు తిరుగు.

ఇవేవీ చేయలేనంత చీకటి కమ్మితే, బతకాలనే అనిపించకపోతే, అది దిక్కు తోచకపోవడం కాదు, గాయం. గాయానికి ఉపన్యాసం పనికిరాదు, తోడు కావాలి. వెంటనే గదిలోని మిత్రుడికో, ఇంట్లోవాళ్ళకో, నమ్మిన మేష్టారికో చెప్పు. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నెంబరులో ఫోను చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. చెప్పుకోవడం పిరికితనం కాదు. అవతలి మంచం మీద మిత్రుడు మాట తగ్గించాడని గమనిస్తే, అతను చెప్పేదాకా ఆగకుండా మనమే అడగడం మన ధర్మం.

లక్ష్యం ముందే దొరికినవారు అదృష్టవంతులు, వారికి నమస్కారం. దొరకనివారు చిన్నబుచ్చుకోవద్దు. దారి కనిపించాక నడిచేవాళ్ళు కొందరు, నడిచాక దారి కనిపించేవాళ్ళు చాలామంది. మనం ఆ చాలామందిలోని వాళ్ళం. పదును ఆరకముందే కదులుదాం.