మందుకు లొంగని క్షయ: మాత్రలు కలిపి మింగుట ఎందుకు?

విత్తనపు చేలో కేళీలను ఏరకుండ వదలినచో ఏమగునో కోనసీమ వరి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ఈ ఏడు అక్కడక్కడ పది దుబ్బులుండును. కొన్ని పంటలు గడచునప్పటికి విత్తనమే చెడును. సుడిదోమపై ఏటేటా ఒకే మందు చల్లినచోట ఆ మందు పనిచేయకుండ పోవుటయు మీరెరిగినదే. క్షయరోగములో మందులు ఓడిపోవు విధము కూడ ఇట్టిదే.

సేద్యపు పాఠములలో రోగము మాట ఎందుకందురా? సార్వా కోతలు రాగానే, ఒంట్లో నెమ్మదించినదని మాత్రలు మానివేయువారు పల్లెలలో కలరు. వారికొరకే ఈ పాఠము.

క్రిములలో కేళీలు

క్షయవలన ఊపిరితిత్తిలో ఏర్పడిన గుల్లలో కోట్లకొలది క్రిములుండును. వానిలో ఐసోనియాజిడ్ అను మందుకు లొంగనివి సుమారు పది లక్షలకు ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనివి సుమారు పది కోట్లకు ఒకటి ముందుగనే ఉండును. ఒక్క మందే ఇచ్చినచో లొంగునవి చచ్చును. లొంగని కేళీలు మిగిలి పెరిగి, చేనంతయు తామే యగును. రెండు మందులు కలిపి ఇచ్చినచో, ఒకదానికి లొంగని క్రిమిని రెండవది చంపును. రెంటికిని లొంగని క్రిమి మొదటనే ఉండుట మిక్కిలి అరుదు.

అనుభవము చెప్పినది

1948లో బ్రిటనులో ప్రకటించిన పరీక్షలో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే వాడిరి. రోగులు మొదట కోలుకొనిరి. పిదప పలువురిలో క్రిములు ఆ మందుకు లొంగకపోయెను. పాస్ అను మరొక మందు జతచేయగా ఆ బెడద తగ్గెను. 1956లో మద్రాసులో ఆరంభించిన పరిశోధనలో ఐసోనియాజిడ్, పాస్ కలిపి నోటిద్వారా ఒక ఏడాది ఇచ్చిరి. ఇంటివద్ద ఉండి మందు మింగినవారికిని శానిటోరియములో ఉన్నవారికిని గుణము ఇంచుమించు సమానముగనే కనిపించెను. ఈ ఫలితము 1959లో వెల్లడియైనది.

నేటి చికిత్స

మామూలు క్షయకు మొదటి 2 నెలలు నాలుగు మందులు, తరువాత 4 నెలలు మూడు మందులు ఇత్తురు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెంటికిని లొంగని మొండి క్షయకు పూర్వము సూదిమందులతో 18 మొదలు 20 నెలల వరకు పట్టెడిది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లైన్‌జోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ అను నాలుగింటిని కలిపి 6 నెలలు ఇచ్చు పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేయగా, మన కేంద్ర ప్రభుత్వము 2024 సెప్టెంబరులో ఆమోదించినది. అన్నియు మాత్రలే, సూది లేదు. అయితే ఇది అందరికి సరిపడదు. గర్భిణులకు వేరు మందులు ఇత్తురు.

గుర్తుంచుకొనవలసినవి

1. రెండు వారములు మించి దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట ఉన్నచో ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించుకొనవలెను. రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగునో లేదో యంత్రము కొన్ని గంటలలోనే తెలుపును.

2. మాత్రలలో ఒకటి మింగి మరొకటి మానరాదు. అట్లు చేయుట క్రిమికి ఒక్క మందే ఇచ్చినట్లగును.

3. అరికాళ్ల తిమ్మిరి, చూపు మందగించుట, గుండెదడ కనిపించినచో వెంటనే వైద్యునితో చెప్పవలెను. తమంతట తాము మానరాదు.

4. ఒకరి మాత్రలు మరొకరు వాడరాదు. ఇంటిల్లిపాది పరీక్ష చేయించుకొనవలెను.

5. ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితము. పోషణ నిమిత్తము కేంద్ర ప్రభుత్వము ఇచ్చు నెలసరి సొమ్మును 2024 నవంబరు నుండి 500 రూపాయల నుంచి 1000 రూపాయలకు పెంచిరి.

దగ్గు తగ్గిన నెలలోనే రోగము పోయినదనుకొనుట, పైరు పచ్చబడగానే పంట ఇంటికి వచ్చినదనుకొనుట వంటిది. నడుమ మాత్రలు మానినవాని దగ్గునుండి వెడలు మొండి క్రిమి మొదట చేరునది అతని పక్కన పరుండు పసిబిడ్డనే. ఆ బిడ్డకు మొదటినుండియే మామూలు మందులు పనిచేయవు. కావున చివరి మాత్ర వరకు మింగుట తనకొరకే కాదు, ఇంటివారికొరకు కూడ.