ప్లంబర్‌కు చేరని కబురు

ప్రశ్న: మాది 140 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. వాచ్‌మన్‌కు చెప్పింది ప్లంబర్‌కు చేరదు, ప్లంబర్ చేసింది ఆఫీసుకు తెలియదు. వాట్సాప్ గ్రూపులు మాత్రం ఆరున్నాయి. ఏం చేయాలి?
– అసోసియేషన్ కార్యదర్శి, మియాపూర్, హైదరాబాద్

జవాబు: ముందు ఆ గ్రూపుల్లో ఫిర్యాదులు తీసుకోవడం ఆపండి. పండగ శుభాకాంక్షల మధ్య లీకేజీ కబురు కొట్టుకుపోతుంది. ఫిర్యాదు ఎవరి చెవిన పడినా ఒకే రిజిస్టర్‌లోకి రావాలి. ప్రతిదానికీ నంబరు, బాధ్యుడి పేరు, గడువు ఉండాలి. పని అయ్యాక ఫ్లాట్‌వాళ్లు సరేనంటేనే కొట్టేయాలి.

అసలు చిక్కు షిఫ్టు మారేటప్పుడు వస్తుంది. దిగేవాడు, ఎక్కేవాడు పది నిమిషాలు కలిసి నిలబడాలి. ‘మోటారు బాగాలేదు’ అంటే చాలదు. ‘బి బ్లాక్ మోటారు వేడెక్కింది, రాత్రి 2కి ఆపాను, ట్యాంకు సగమే ఉంది, ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను’ అని రాయించండి. రాయడం రానివారు వాయిస్ మెసేజ్ పెడితే సూపర్‌వైజర్ ఎక్కించాలి. వారికి చిన్నతనం కలగనివ్వకండి.

మీది కొత్త భవనమైతే రిజిస్టర్‌లో ఫిర్యాదు తేదీలు తప్పనిసరి. 2016 రెరా చట్టం సెక్షన్ 14 ప్రకారం, ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. రిజిస్టర్ నకలు జతచేసి లిఖితపూర్వకంగానే అడగండి.